పుస్తకాలు కుట్టే కుర్రాడు... కరెంటు కథ

పోయినేడు శ్రావణ మంగళవారం నాడు, సరిగ్గా పేరంటాళ్లు వచ్చే వేళకి మా ఇంట్లో గ్యాస్ అయిపోయింది. అటక మీదున్న ఇండక్షన్ స్టవ్ దింపి, పరమాన్నానికి మా అత్తగారి నాటి ఇత్తడి గిన్నె పెట్టాను. మీట నొక్కితే కుయ్‌కుయ్‌మని ఆగిపోయింది. అల్యూమినియం గిన్నె పెట్టాను. అదీ అంతే. స్టవ్ పాడైందని విసుక్కుంటుంటే, ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మ ఊడదీసి ఒక్కో గిన్నె అడుగుకీ ఆనించి చూసింది. ఇత్తడికి అంటలేదు, అల్యూమినియానికీ అంటలేదు. మందపాటి అడుగున్న ఓ స్టీలు గిన్నెకి టక్కున అతుక్కుంది. ఇది పెట్టు నానమ్మా అంది. కాసేపట్లో పాలు పొంగాయి!

అయస్కాంతానికీ పరమాన్నానికీ ఏమిటమ్మా సంబంధం అని అడిగితే, ఆ పిల్ల తన పుస్తకంలోంచి ఒక పేరు చెప్పింది. మైకేల్ ఫారడే.

ఆ పేరు నాకు కొత్తదేం కాదు. టెన్త్‌లో చదివాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకు సైన్సంటే ఇష్టంగానే ఉండేది. లెక్కల్లో మాత్రం అత్తెసరు మార్కులు. లెక్కలు రానిదానికి సైన్సెందుకని పెద్దవాళ్లు తేల్చేశారు. నేనూ ఎదురు చెప్పలేదు. తెలుగు బి.ఏ. చదివి, పెళ్లి చేసుకుని, ఫ్యూజు పోతే మా వారి కోసం ఎదురుచూసే బాపతులో చేరిపోయాను. ఇన్నేళ్ల తర్వాత, పేరంటం అయిన వారం మధ్యాహ్నపు నిద్ర మానుకుని ఈ ఫారడే జీవితం చదివాను. ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. అందుకే మీకు చెబుతున్నాను.

ఆయన పుట్టింది 1791 సెప్టెంబరు 22న, లండన్ పొలిమేరల్లోని న్యూయింగ్టన్ బట్స్ అనే చోట. తండ్రి జేమ్స్ కమ్మరి. ఒంట్లో బాగుండక, కొలిమి ముందు నిలబడ్డ రోజుల కన్నా మంచం మీదున్న రోజులే ఎక్కువ. నలుగురు పిల్లలు. 1801లో ధరలు మండిపోతున్నప్పుడు మైకేల్‌కి వారానికి ఒక్క రొట్టె చేతికిచ్చి, వారమంతా సరిపెట్టుకోమన్నారట. పదేళ్ల పిల్లాడు రొట్టెను రోజుకో ముక్కగా గీసుకుని దాచుకుని తినడం ఊహించండి!

తల్లి మార్గరెట్ పెద్దగా చదువుకున్న మనిషి కాదు. కానీ ఆవిడ గురించి చెప్పే ఒక సంగతి నాకు భలే నచ్చింది. మైకేల్‌కి చిన్నప్పుడు ర పలికేది కాదు. అన్న రాబర్ట్ పేరు కూడా సరిగ్గా అనలేకపోయేవాడు. బళ్లో పంతులమ్మకి ఒళ్లు మండి, ఆ రాబర్ట్ చేతికే ఓ అర పెన్నీ ఇచ్చి, తమ్ముణ్ణి కొట్టడానికి బెత్తం కొనుక్కురమ్మంది. రాబర్ట్ ఆ నాణెం గోడ అవతలికి విసిరేసి, తిన్నగా ఇంటికెళ్లి అమ్మకి చెప్పాడు. ఆవిడ వచ్చి పిల్లలిద్దరినీ ఆ బడి మాన్పించి తీసుకుపోయింది. చదవడం, రాయడం, కాసిన్ని కూడికలు... మైకేల్ బడిచదువు అంతకు మించి సాగలేదు.

13వ ఏట జార్జి రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. పత్రికలు ఇంటింటికీ అందించి, మళ్లీ వెనక్కి తెచ్చే పని. ఏడాది తిరిగాక బైండింగ్ పని నేర్చుకోవడానికి ఏడేళ్ల ఒప్పందం. ఆ రోజుల్లో పని నేర్పడానికి యజమానికే ఎదురు డబ్బివ్వాలి. రీబో మాత్రం ఈ కుర్రాడి బుద్ధి చూసి కానీ తీసుకోలేదు. పైగా కుట్టడానికొచ్చిన పుస్తకాలు చదువుకోనిచ్చాడు.

అలా కుట్టడానికొచ్చిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటంలో విద్యుత్తు మీద వ్యాసం కనబడింది. దానితో పాటు ఇంకో పుస్తకం కూడా ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఇక్కడ కాస్త ఆగుదాం. ఎందుకంటే ఆ రెండో పుస్తకం రాసింది మనలాంటి ఓ ఇల్లాలు.

పేరు జేన్ మార్సెట్. లండన్‌లో ఒక డాక్టరు గారి భార్య. అప్పట్లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ అనే యువ శాస్త్రవేత్త ఉపన్యాసాలిచ్చేవాడు. ఆడవాళ్లు కూడా బారులు తీరి వెళ్లేవారు. జేన్ కూడా వెళ్లింది. మొదట అంతా అయోమయం. ఇంటికొచ్చి తెలిసినవాళ్లతో మాట్లాడుతూ, చిన్న చిన్న ప్రయోగాలు చేసుకుంటూ ఉంటే ఒక్కొక్కటే బోధపడింది. తనకు బోధపడిన తీరులోనే మిగతా ఆడవాళ్లకీ చెబుదామని రసాయనశాస్త్రం మీద సంభాషణలు రాసింది. మిసెస్ బి అనే ఆవిడ, ఎమిలీ, కరోలిన్ అనే ఇద్దరమ్మాయిలకు కబుర్ల మధ్య సైన్సు చెబుతుంది. అంతే పుస్తకం! 1806 నాటి మొదటి ముద్రణలో రచయిత్రి పేరు లేదు. తర్వాత చాలా ఏళ్ల పాటు కూడా లేదు. అమెరికాలో ఆడపిల్లల బళ్లలో దాన్ని పాఠ్యపుస్తకంగా పెట్టుకున్నారు, ఆవిడ అనుమతి కూడా అడక్కుండానే ఎన్నో ముద్రణలు వేసుకున్నారు.

ఆడవాళ్ల కోసం రాసిన ఆ పుస్తకాన్ని బైండింగ్ కుర్రాడు చదివాడు. చదివి ఊరుకోలేదు. అందులో చెప్పిన ప్రయోగాలు తనకున్న నాలుగు డబ్బులతో చేసి చూసి, నిజమేనని రూఢి చేసుకున్నాడు. ప్రపంచ ప్రసిద్ధుడయ్యాక కూడా తన వ్యాసాలు అచ్చైనప్పుడల్లా జేన్ మార్సెట్‌కి ఒక ప్రతి పంపేవాడు. 1858లో ఆవిడ పోయినప్పుడు, తన మొదటి గురువు ఆవిడేనన్న సంగతి స్నేహితుడికి ఉత్తరంలో రాసుకున్నాడు.

ఆ రోజుల్లో కరెంటు గురించి లోకానికి తెలిసింది కొంచెమే. పొడి జుట్టు దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది చూడండి, అలాంటి నిలవ విద్యుత్తు పాతకాలం నుంచీ తెలుసు. అది చిటుక్కుమని మెరిసి పోతుంది. నీళ్లలా ఆగకుండా పారే విద్యుత్తుని మొదటిసారి చూపించింది ఇటలీకి చెందిన వోల్టా, 1800లో. రెండు రకాల లోహపు బిళ్లలు, వాటి మధ్య ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్క, మళ్లీ బిళ్లలు, మళ్లీ అట్ట... ఇలా దొంతరగా పేర్చాడు. మన టార్చిలైటు బ్యాటరీకి అది ముత్తాత. 1812లో ఫారడే కూడా అలాంటిదే చేశాడు. ఏడు అర పెన్నీ నాణేలు (అవి రాగివి), అంతే పరిమాణంలో ఏడు జింకు బిళ్లలు, మధ్యలో ఉప్పునీటి కాగితాలు. ఏడంటే ఏడే!

ఆ ఏడాదే రీబో దుకాణానికొచ్చే ఒక పెద్దమనిషి డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లిచ్చాడు. నాలుగు ఉపన్యాసాలు. ఫారడే విన్నదంతా రాసుకుని, బొమ్మలు వేసి, దాదాపు 300 పేజీల పుస్తకంగా తనే బైండు చేసి డేవీకి పంపాడు. ఆయన మెచ్చుకున్నాడు గాని, పని లేదన్నాడు. కొన్నాళ్లకి ప్రయోగశాలలో ఒక సహాయకుడు ఎవరితోనో కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకుంటే, 1813 మార్చిలో ఆ చోటు ఇతనికి దొరికింది. జీతంతో పాటు పై అంతస్తులో రెండు గదులు, బొగ్గులు, కొవ్వొత్తులు.

ఇక కష్టాలు తీరాయనుకుంటాం కదా! అదే ఏడాది డేవీ దంపతులు యూరప్ యాత్రకు బయల్దేరుతూ ఫారడేని వెంట తీసుకెళ్లారు. డేవీ నౌకరు ఆఖరి నిమిషంలో రానన్నాడు. ఆ పని కూడా ఈయన నెత్తిన పడింది. డేవీ భార్య బాగా డబ్బున్న మనిషి. ఫారడేని పనివాడిగానే చూసి, భోజనానికి కూడా నౌకర్లతో కూర్చోబెట్టేది. ఒక దశలో అన్నీ వదిలేసి లండన్ వెళ్లిపోయి మళ్లీ పుస్తకాలు కుట్టుకుందామనుకున్నాడు. కానీ ఆ యాత్రలోనే మిలాన్‌లో ముసలి వోల్టాని కళ్లారా చూశాడు, పారిస్‌లో ఆంపియర్‌ని కలిశాడు. అవమానం మింగుతూనే చదువు కూడా పట్టుకొచ్చాడన్నమాట.

పెళ్లి సంగతి చెప్పకపోతే ఎలా? కుర్రతనంలో ప్రేమను ఎగతాళి చేస్తూ తన నోటుపుస్తకంలో ఒక పద్యం రాసుకున్నాడట. తీరా సారా బర్నార్డ్ అనే అమ్మాయి మీద మనసు పడేసరికి, ఆ పద్యం సంగతి వాళ్లన్నయ్య ద్వారా ఆ అమ్మాయి చెవిన పడింది! ఇక చూడండి తిప్పలు. బతిమాలుతూ ఉత్తరాలు. ఆమె ఊరు వదిలి సముద్రతీరంలోని రామ్స్‌గేట్‌కి వెళ్తే అక్కడికీ వెళ్లాడు. మొత్తానికి 1821 జూన్ 12న పెళ్లయింది. ప్రయోగశాల పైన ఉన్న గదుల్లోనే కాపురం. పిల్లలు పుట్టలేదు. మేనకోడళ్లను ఇంట్లో పెట్టుకుని పెంచారు.

ఆ కొత్త కాపురపు రోజుల్లోనే, 1821 సెప్టెంబరులో మొదటి అద్భుతం జరిగింది. అంతకు ముందు ఏడాదే డెన్మార్క్‌లో ఆర్‌స్టెడ్ ఒక వింత చూశాడు. తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు పక్కకి తిరుగుతుంది. అంటే కరెంటు పారే తీగ తానే ఒక అయస్కాంతంలా పనిచేస్తోందన్నమాట. ఫారడే ఒక గిన్నెలో పాదరసం పోసి, మధ్యలో అయస్కాంతం నిలబెట్టి, పైనుంచి తీగ వేలాడదీసి కరెంటు పంపాడు. తీగ ఆ అయస్కాంతం చుట్టూ గుండ్రంగా తిరగసాగింది! కరెంటుతో తిరిగే మొట్టమొదటి యంత్రం అదే. మన మిక్సీ, ఫ్యాను, వాషింగ్ మెషిన్... అన్నీ దాని సంతానమే.

గురువు సంతోషించాలి కదా? లేదు. వేరొకరి ఆలోచన తీసుకున్నాడని కొందరు నింద వేశారు. డేవీ తోడు నిలవలేదు. 1824లో రాయల్ సొసైటీకి ఫారడే పేరు వస్తే, అధ్యక్షుడి కుర్చీలో ఉన్న డేవీయే అడ్డుపడ్డాడు. ఒకే ఒక్క వ్యతిరేక ఓటుతో ఫారడే ఎన్నికయ్యాడు. చిత్రమేమిటంటే, డేవీ గురించి ఆయన జీవితాంతం గౌరవంగానే మాట్లాడాడు. నేనైతే మాట్లాడగలిగేదాన్ని కాదు!

ఇక అసలు విషయానికొద్దాం. కరెంటు నుంచి అయస్కాంత శక్తి వస్తోంది సరే, అయస్కాంతం నుంచి కరెంటు రాదా? ఈ ప్రశ్న ఆయన్ని పదేళ్లు వదల్లేదు. మధ్యమధ్య ప్రయత్నించి ఓడిపోయాడు. 1831 ఆగస్టు 29న ఆరంగుళాల ఇనుప కడియం ఒకటి తీసుకుని, ఒక పక్క ఒక తీగ, రెండో పక్క ఇంకో తీగ చుట్టాడు. ప్లాస్టిక్ తొడుగున్న తీగలు అప్పుడెక్కడివి? చుట్టుకూ చుట్టుకూ మధ్య నూలుపురి, వరసకూ వరసకూ మధ్య నూలుగుడ్డ. పుస్తకాలు కుట్టిన చేతులకి ఆ పని కష్టమై ఉండదు. మొదటి తీగను బ్యాటరీకి కలిపాడు. ఏ సంబంధమూ లేని రెండో తీగ దగ్గర సూది ఒక్కసారి ఉలిక్కిపడింది. మళ్లీ సద్దుమణిగింది. బ్యాటరీ తీసేశాడు. సూది మళ్లీ ఉలిక్కిపడింది, ఈసారి రెండో వైపుకి!

అందరూ పొరబడింది ఇక్కడే. తీగ పక్కన అయస్కాంతాన్ని ఊరికే ఉంచితే కరెంటు వస్తుందనుకున్నారు. ఎన్నాళ్లుంచినా రాదు. మారుతున్నప్పుడే వస్తుంది. కలిపిన క్షణం, తీసేసిన క్షణం. అక్టోబరు 17న తీగచుట్టలోకి ఒక అయస్కాంతం కడ్డీని దూర్చాడు. సూది కదిలింది. కడ్డీ ఆగితే సూదీ ఆగింది. బయటికి లాగితే మళ్లీ కదిలింది. ఆ నెలాఖరుకి పెద్ద అయస్కాంతం కొమ్ముల మధ్య రాగి పళ్లెం ఒకటి తిప్పి, ఎడతెగకుండా కరెంటు తీశాడు. దాదాపు రెండు నెలల పని అంతా. కరెంటు తయారీకి అప్పటి దాకా బ్యాటరీలే దిక్కు. ఇక నుంచి తిప్పే చెయ్యి ఉంటే చాలు!

మన శ్రీశైలంలోనూ, నాగార్జునసాగర్‌లోనూ ఆ తిప్పే చెయ్యి కృష్ణమ్మది. పైనుంచి దూకే నీళ్లు చక్రాన్ని తిప్పితే, దాంతో పాటు అయస్కాంతం తీగచుట్టల మధ్య తిరుగుతుంది. రామగుండంలో బొగ్గు మండించి పుట్టించిన ఆవిరి తిప్పుతుంది. తీగలో పుట్టే సంగతి మాత్రం 1831 నాటిదే. (మేడ మీది సోలార్ పలకల్ది వేరే దారి లెండి, వాటిలో తిరిగేదేమీ లేదు.) మీ వీధి చివర స్తంభం మీదున్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంది చూడండి, అది ఫారడే చుట్టిన ఇనుప కడియమే, కాస్త ఒళ్లు చేసిందంతే. మనకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది కనుక, బ్యాటరీ కలిపి తీసే పని లేకుండానే అది ఎప్పుడూ మారుతూ ఉంటుంది. అందుకే ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకి అందుతుంది.

నా ఇండక్షన్ స్టవ్ గుట్టు కూడా ఇదే! గాజుపలక కింద ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకి వేల సార్లు ఊగుతుంది. గిన్నె అడుగే రెండో తీగ పాత్ర వహించి, తనలో కరెంటు పుట్టించుకుంటుంది. ఇనుము ఆ కరెంటుకి గట్టిగా అడ్డుపడుతుంది, ఆ పెనుగులాటలో వేడెక్కుతుంది. అల్యూమినియం, ఇత్తడి అంతగా అడ్డుపడవు. వేడి చాలదు. స్టవ్ కూడా తన మీద సరైన గిన్నె లేదని గుర్తించి ఆగిపోతుంది. మా మనవరాలి ఫ్రిజ్ బొమ్మ చెప్పింది ఇదే.

ఇంత చేసిన మనిషికి లెక్కలు రావంటే నమ్ముతారా? ఆయన రాసిన వేల పేజీల్లో సమీకరణాలు కనబడవు. అయస్కాంతం మీద కాగితం పెట్టి ఇనుపరజను చల్లితే ముగ్గులా ఏర్పడే గీతల్ని చూసి, అయస్కాంత శక్తి చుట్టూ ఆవరించి ఉంటుందని మనసులో బొమ్మ కట్టుకున్నాడు. లెక్కలొచ్చిన పండితులు చాలామంది దాన్ని పట్టించుకోలేదు. మాక్స్‌వెల్ అనే కుర్రాడు మాత్రం ఆ ముగ్గులోనే గణితం ఉందని గ్రహించి, సమీకరణాలుగా మార్చాడు. రేడియో నుంచి సెల్‌ఫోన్ దాకా వాటి మీదే నడుస్తున్నాయి. 1857లో ఫారడే ఆ మాక్స్‌వెల్‌కి ఒక ఉత్తరం రాశాడు. మీ లెక్కల్లో తేలినదాన్ని మాలాంటి వాళ్ల కోసం మామూలు మాటల్లో కూడా చెప్పకూడదా అని అందులో అడిగాడు. అప్పటికాయనకి 66 ఏళ్లు. ఈ సంగతి చదివి పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

48 ఏళ్ల వయసొచ్చేసరికి ఆరోగ్యం దెబ్బతింది. తల తిరగడం, మతిమరుపు. కొన్నేళ్లు పరిశోధన దాదాపు ఆగిపోయింది. 1841లో సారా ఆయన్ని స్విట్జర్లాండ్ తీసుకెళ్లింది. వచ్చేపోయే వాళ్లని తగ్గించడం, వేళకింత పెట్టడం, మర్చిపోయినవి గుర్తు చేయడం ఆమె పనే. ఫారడే తన ప్రతి ప్రయోగాన్నీ నంబరేసి మరీ రాసుకున్నాడు. సారా చేసిన పనులకి నంబర్లు వేసిన పుస్తకం ఎక్కడా లేదు.

తల్లి మార్గరెట్ 1838 దాకా బతికింది. భర్త పోయాక ఇంట్లో అద్దెకు మనుషుల్ని పెట్టుకుని బతుకీడ్చిన ఆవిడ, కొడుకు పేరు మార్మోగడం చూసింది. అత్తగారి దగ్గర కూర్చుని సారా ఆయన గొప్పలన్నీ చెబుతుంటే, అమ్మకి ఇప్పటికే గర్వం ఎక్కువైంది, ఇంకా చెప్పకని ఫారడే భార్యని వారించేవాడట. సారా మాట విందో లేదో గాని, నేనైతే వినను.

తర్వాత ఆయన సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవీ వద్దన్నాడు. పిల్లల కోసం క్రిస్మస్ సెలవుల్లో ఉపన్యాసాలు మాత్రం 19 ఏడాదులు ఇచ్చాడు. 1860లో ఆఖరుసారి ఎంచుకున్న విషయం ఏమిటో తెలుసా? కొవ్వొత్తి! నిజానికి ఆయన జీవితమంతా కొవ్వొత్తి, గ్యాసుదీపం వెలుగులోనే గడిచింది. చివరి రోజుల్లో ఒక లైట్‌హౌస్‌లో విద్యుద్దీపం వెలగడం చూశాడు గాని, ఇళ్లలో బల్బు చూడలేదు. 1867 ఆగస్టు 25న, విక్టోరియా రాణి ఇచ్చిన హాంప్టన్ కోర్టు ఇంట్లో, కుర్చీలో కూర్చునే కన్నుమూశాడు. సారా 1879 జనవరిలో పోయింది. ఎడిసన్ బల్బు గంటల తరబడి వెలిగింది ఆ ఏడాది అక్టోబరులో.

మొన్న ఆదివారం నేనూ, మా మనవరాలూ ఫారడే దొంతర చేసి చూశాం. మా అత్తగారి పూజాపెట్టెలోంచి చిల్లు కానీలు ఏడు తీశాను. హార్డ్‌వేర్ షాపు నుంచి జింకు పూత వాషర్లు ఏడు. పాత క్యాలెండర్ అట్ట గుండ్రంగా కత్తిరించి ఉప్పునీళ్లలో నానబెట్టాం. (గోడ ప్లగ్గు జోలికి మాత్రం పోలేదు, మీరూ పోవద్దు.) దొంతర కట్టి, చిట్టి ఎర్ర దీపం కాళ్లు పైకీ కిందకీ ఆనించాం. వెలగలేదు. మా వారు పేపర్ చాటునుంచి నవ్వారు. మనవరాలు దీపం కాళ్లు అటుదిటూ ఇటుదటూ మార్చింది. కిటికీ తెర లాగి చూస్తే, చిన్న కుంకుమ బొట్టంత వెలుగు!